మిల్లీవోల్టు నుంచి మిల్లీగ్రాము దాకా

నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో మిషను ఎట్లా చెబుతుంది? రెండు గ్లాసుల బోరు నీళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. కంటికి తేడా కనబడదు, నాలుకకు తెలియదు, వాసన అసలే లేదు. అయినా పరీక్ష చేసినవాళ్లు ఒక గ్లాసుకు 0.8 అనీ, రెండోదానికి 4.2 అనీ కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితాన్ని నమ్మి ఊరు ఊరంతా ఒక బోరును మానేసి ఇంకో బోరుకు బిందెలు మోస్తుంది. ఆ అంకె ఎక్కడ పుట్టింది? ఎన్ని చేతులు మారి కాగితం మీదికి వచ్చింది?

నల్లగొండ ప్రాంతంలోని మునుగోడు, మర్రిగూడ, నారాయణపూర్, దేవరకొండ వైపు ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. గారపట్టిన పళ్లు, బిగుసుకుపోయిన వెన్నెముకలు, వంగిన కాళ్లు అప్పటికే ఇక్కడి వాళ్లకు తెలుసు. కారణం మాత్రం కాళ్ల కింద ఉంది. ఈ మిట్టనేలల అడుగున ఉన్న గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. నీళ్లలో కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ఇంకా సులువుగా కరుగుతుంది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఇథియోపియా, టాంజానియాల్లో కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఒక జిల్లా పేరు ప్రపంచానికి ఇట్లా తెలియడం గర్వించే సంగతో కాదో పాఠకులే చెప్పాలి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే గతి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే మంచి నీళ్లకూ మానేయాల్సిన నీళ్లకూ మధ్య ఉన్నది అర మిల్లీగ్రాము. ఇప్పుడు చాలా ఊళ్లకు కృష్ణా నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. ఆ నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో ఈ ప్రాంతంలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. అయినా బోర్లు పోలేదు, వాటిని పరీక్షించే పనీ పోలేదు. ఆ అర మిల్లీగ్రామును పట్టుకునే యంత్రం లోపల ఏం జరుగుతుందో ఈ అధ్యాయంలో చూద్దాం. అందులో అందరికీ కనబడేది ఎలక్ట్రోడ్, కొందరికి తెలిసేది చిప్, దాదాపు ఎవరూ పట్టించుకోనిది చిప్‌కూ కంప్యూటర్‌కూ మధ్య మాట కలిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం. నా ఆసక్తి ఎక్కువగా ఆ మూడోదాని మీదే.

స్ఫటికం చెప్పే సంగతి

ఫ్లోరైడ్‌ను రంగు మార్పుతోనూ కొలవచ్చు. నీళ్లలో మందు చుక్కలు వేసి, మారిన రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. ఊళ్లలో వాడే కిట్లు ఇలాంటివే. కాస్త నిక్కచ్చిగా కావాలంటే ఎలక్ట్రోడ్ కావాలి. దాన్ని 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రకటించారు. లావుపాటి పెన్నంత గొట్టం చివర లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో చేసిన చిన్న బిళ్ల ఉంటుంది. ఆ స్ఫటికంలో కదలగలిగేవి ఫ్లోరైడ్ అయాన్లు మాత్రమే. బిళ్లకు ఒక పక్క మనకు తెలిసిన మోతాదులో ఫ్లోరైడ్ ఉన్న ద్రవం, రెండో పక్క పరీక్షించాల్సిన నీళ్లు. రెండు పక్కలా మోతాదులు వేరైతే బిళ్లకు అటూ ఇటూ చిన్న వోల్టేజి పుడుతుంది. పక్కన ఇంకో ఎలక్ట్రోడ్ ఎప్పుడూ మారని ఆధారంగా నిలబడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడానే మనం కొలుస్తాం.

ఇక్కడ ఒక చిక్కుంది. నీళ్లలో ఫ్లోరైడ్ రెట్టింపైతే వోల్టేజి రెట్టింపు కాదు. ఫ్లోరైడ్ పది రెట్లు పెరిగిన ప్రతిసారీ వోల్టేజి సుమారు 59 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 0.1 నుంచి 1కి వెళ్లినా 59 తగ్గుతుంది, 1 నుంచి 10కి వెళ్లినా 59 తగ్గుతుంది. ఇది 25 డిగ్రీల వేడి దగ్గరి లెక్క. నల్లగొండ మే నెలలో, నీడలోనే 40 డిగ్రీలున్న గదిలో అది 62 అవుతుంది. అందుకే మంచి మీటర్లో ఉష్ణోగ్రతను కొలిచే తీగ కూడా ఉంటుంది.

మరి 1 మిల్లీగ్రాముకూ 1.5కూ మధ్య తేడా ఎంత? పదిన్నర మిల్లీవోల్టులకు కాస్త తక్కువ. టార్చిలైటు సెల్లు 1500 మిల్లీవోల్టులిస్తుంది. దానిలో నూటయాభయ్యో వంతు కన్నా ఎంతో ఎక్కువ లేని ఆ తేడా మీదే ఒక బోరుకు తాగొద్దని ఎర్ర రంగు వేయాలా వద్దా అన్నది తేలుతుంది. కొలతలో ఒక్క మిల్లీవోల్టు తప్పు దొర్లినా ఫ్లోరైడ్ అంకె నూటికి నాలుగు వంతులు మారుతుంది.

పైగా ఈ ఎలక్ట్రోడ్ ఇచ్చే విద్యుత్తుకు బలం లేదు. దాని మీద కాస్త భారం వేసినా వోల్టేజి కుంగుతుంది. అందుకని దాని పక్కనే బఫర్ అనే చిన్న సర్క్యూట్ పెడతారు. అది ఎలక్ట్రోడ్ దగ్గర దాదాపు ఏమీ తీసుకోకుండా, అదే వోల్టేజిని బలంగా ముందుకు పంపుతుంది. ఆ తర్వాత వచ్చేది మార్పిడి చిప్.

కుంచం నుంచి గిద్ద దాకా

ఎలక్ట్రోడ్ ఇచ్చే వోల్టేజి ఎడతెగనిది. 81కీ 82కీ మధ్య ఎక్కడైనా ఆగగలదు. కంప్యూటర్‌కు అలాంటిది పనికిరాదు, దానికి ఎంచిపెట్టిన పూర్తి సంఖ్య కావాలి. ఈ మార్పు చేసే చిప్‌నే అనలాగ్-డిజిటల్ కన్వర్టర్ అంటారు. పొట్టిగా ఏడీసీ. అది చేసే పని మన పాత కల్లాల్లో జరిగినదే.

గిద్దలు రెండైతే అరసోల. అరసోలలు రెండైతే సోల. సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక, మానికలు రెండు అడ్డ, అడ్డలు రెండు కుంచం. ప్రతి కొలపాత్ర తన కింది దానికి సరిగ్గా రెట్టింపు. ఈ వరుసను కట్టినవాళ్లు కంప్యూటర్ల కోసం కట్టలేదు కానీ, చిప్ లోపల ఉన్నది కూడా ఇదే వరుస.

రెండు కుంచాలకు తక్కువైన వడ్ల కుప్ప ఒకటి ఉందనుకోండి. పెద్ద పాత్రతో మొదలుపెడదాం. కుంచం నిండిందా? నిండింది. 1 అని రాసి ఆ వడ్లు పక్కన పోద్దాం. మిగిలిన దాంతో అడ్డ నిండుతుందా? లేదు, 0. మానిక? లేదు, 0. తవ్వ? నిండింది, 1. సోల? నిండింది, 1. అరసోల? లేదు, 0. గిద్ద? నిండింది, 1. మన కాగితం మీద ఇప్పుడు 1001101 అని ఉంది. గిద్దల్లో చెబితే 64, 8, 4, 1 కలిపి 77. ఏడు ప్రశ్నలతో కుప్ప మొత్తం ఒక సంఖ్య అయింది. కుప్పలో ఒక్కో గిద్దా తీసి లెక్కపెడితే 77 సార్లు వంగాల్సి వచ్చేది. సక్సెసివ్ అప్రాక్సిమేషన్ అనే రకం చిప్‌లు అచ్చం ఇలాగే వోల్టేజిని కొలుస్తాయి. ఒక్కో ప్రశ్నకు వచ్చే అవును-కాదు జవాబునే బిట్ అంటారు.

చివర నేల మీద గిద్దకు చాలని నాలుగు గింజలు మిగులుతాయి. వాటికి లెక్కలో చోటు లేదు. ప్రతి ఏడీసీ ఇలా కొంత వదిలేస్తుంది. వదిలేసేది ఎంతన్నది చిట్టచివరి పాత్ర పరిమాణాన్ని బట్టి ఉంటుంది. దీన్ని మెట్టు విలువ అందాం.

మెట్టు ఎంత సన్నగా ఉండాలో మన ఫ్లోరైడ్ లెక్కే చెబుతుంది. పిల్లలు బడిలో ప్రాజెక్టులకు వాడే ఆర్డుయినో ఉనో బోర్డులో పది బిట్ల ఏడీసీ ఉంటుంది. అది 5 వోల్టులను 1024 మెట్లు చేస్తుంది. ఒక్కో మెట్టు దాదాపు 5 మిల్లీవోల్టులు. 1 మిల్లీగ్రాముకూ 1.5కూ మధ్య దానికి కనబడేవి రెండే మెట్లు. వడ్లు కొలిచే కుంచంతో బంగారం తూచలేం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ చేసే ఏడీఎస్ 1115 అనే చిప్‌లో పదహారు బిట్లున్నాయి, అంటే 65,536 మెట్లు. దాన్ని అతి చిన్న పరిధిలో, అంటే ఇటు 256 మిల్లీవోల్టులు, అటు మైనస్ 256 మధ్య పెడితే ఒక్కో మెట్టు మిల్లీవోల్టులో 128వ వంతు. అదే పదిన్నర మిల్లీవోల్టుల తేడాలో ఇప్పుడు పదమూడు వందలకు పైగా మెట్లు.

ఈ చిప్ కొలిచే తీరు కాస్త వేరు. డెల్టా-సిగ్మా అనే పద్ధతిలో ఒకే చిన్న పాత్రతో అతివేగంగా పోస్తూ, తీస్తూ, చివరికి సగటు కడుతుంది. నెమ్మదిగా కొలవమంటే ఎక్కువ సార్లు సగటు కడుతుంది కాబట్టి రొద తగ్గుతుంది. పక్కనే బోరు మోటారు, దాని స్టార్టరు ఉన్న చోట తీగల్లోకి కరెంటు రొద ఎక్కుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. చిప్‌ను సెకనుకు 8 కొలతల వేగంలో పెడితే ఒక్కో కొలతకు 125 మిల్లీసెకన్లు పడుతుంది, అందులో ఆ ఊగులాట ఆరు సార్లకు పైగా వచ్చిపోతుంది. పైకి కిందికి పోయినవి ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. సెకనుకు 860 కొలతలు కూడా చేయగలదని మురిసిపోయి ఆ వేగంలో పెడితే ఈ లాభం పోతుంది. నీళ్ల గ్లాసుకు అంత తొందర ఏమీ లేదు.

ఇంకో సంగతి. కుంచం కూడా ఊరికొకటి ఉండేది. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి మెట్రిక్ కొలతలు అమల్లోకి వచ్చేదాకా, ఫలానా ఊళ్లో పది కుంచాలంటే ఇక్కడ ఎంత అన్నది బేరం ఆడాల్సిన విషయమే. చిప్‌లోనూ అంతే. 1304 అని అది చెప్పిన పచ్చి అంకెకు తనంతట అర్థం లేదు. ఏ పాత్రతో కొలిచి 1304 అన్నదో తెలిస్తేనే అది మిల్లీవోల్టు అవుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకునే బాధ్యత ఎవరిది? డ్రైవర్‌ది.

డ్రైవర్ చేసే పని

మీటర్ లోపల క్రెడిట్ కార్డంత రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ ఉందనుకుందాం. చవకైనది, లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తుంది. కానీ దానికి వోల్టేజిని నేరుగా కొలిచే దారి ఒక్కటి కూడా లేదు. అందుకే పక్కన ఏడీఎస్ 1115 పెట్టి, రెండు తీగలతో కలుపుతాం. ఐ-టూ-సీ అనే ఈ రెండు తీగల పద్ధతిని 1980ల్లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చింది. ఒకే జత తీగల మీద చాలా చిప్‌లు ఉండవచ్చు, ఒక్కోదానికి ఒక్కో చిరునామా. మన చిప్‌కు 72 నుంచి 75 దాకా ఏదో ఒకటి వస్తుంది. దాని చిరునామా కాలును ఏ తీగకు కలిపామన్న దాన్ని బట్టి అది మారుతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే తానెవరో చెప్పుకుంటుంది. ఈ తీగల మీద ఉన్న చిప్ అలా చెప్పుకోదు, పిలిస్తేనే పలుకుతుంది. అందుకని కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే దానికి ముందుగా చెప్పిపెట్టాలి: 72వ చిరునామాలో ఏడీఎస్ 1115 ఉంది, దాని మొదటి దారి (కొలవాల్సిన తీగను కలిపే చోటు) వాడతాం, పరిధి ఇంత, వేగం ఇంత. రాస్ప్‌బెర్రీ పైలో దీనికి సెట్టింగుల ఫైల్లో ఒకటి రెండు వరుసలు చాలు. అది చూసి లినక్స్ కెర్నెల్ తన దగ్గరున్న వందల డ్రైవర్లలోంచి సరైనదాన్ని లేపుతుంది.

చిప్ లోపల నాలుగు గడులున్నాయి, వాటిని రిజిస్టర్లంటారు. ఒక గడిలో కొలత ఫలితం ఉంటుంది. ఇంకోదానిలో ఏ దారిని కొలవాలి, ఏ పరిధిలో, ఎంత వేగంతో, ఒక్కసారేనా ఆగకుండానా అన్న ఆజ్ఞలుంటాయి. మిగిలిన రెండూ హెచ్చరిక హద్దుల కోసం, వాటితో ఇప్పుడు మనకు పనిలేదు. వినడానికి తేలికే. ఆజ్ఞ రాయాలి, ఫలితం చదవాలి. మరి దీనికి డ్రైవర్ ఎందుకు, పైథాన్‌లో పది వరుసలు రాస్తే సరిపోదా? సరిపోతుంది, ఒక చిప్, ఒక దారి, ఒక ప్రోగ్రాం ఉన్నంత కాలం. చిక్కులన్నీ ఆ తర్వాత మొదలవుతాయి.

మొదటిది ఆగడం. చిప్‌కు రెండు దారుల్లో రెండు తీగలున్నాయి: ఒకటి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ది, ఇంకోటి ఉష్ణోగ్రతది. ఉష్ణోగ్రత చదివి, వెంటనే దారి మార్చి ఫలితం గడిని చదివామనుకోండి. చిప్ ఇంకా కొత్త కొలత పూర్తిచేయలేదు, గడిలో పాత ఫలితమే ఉంది. అది తప్పు అంకెలా కనబడదు, చక్కటి అంకెలాగే ఉంటుంది. ఉష్ణోగ్రత ఫ్లోరైడ్ పేరుతో కాగితం ఎక్కుతుంది. లినక్స్‌లోని డ్రైవర్ దీన్ని ఎట్లా చూసుకుంటుందో దాని కోడ్‌లోనే ఉంది. దారి మారినప్పుడు పాత కొలతకు పట్టే సమయం, కొత్త కొలతకు పట్టే సమయం రెండూ కలుపుతుంది. దాని మీద ఇంకో పదో వంతు వేస్తుంది, ఎందుకంటే చిప్ లోపలి గడియారం పదో వంతు దాకా అటూ ఇటూ అవుతుందని దాని తయారీదారే చెప్పాడు. అంతసేపు ఆగి, అప్పుడు చదువుతుంది. సెకనుకు 128 కొలతల వేగంలో ఇది 17 మిల్లీసెకన్ల మాట. డ్రైవర్ రాసినవాళ్ల ఓపిక అంతా నాకు ఈ పదో వంతులో కనబడుతుంది.

రెండోది బైట్ల వరుస. చిప్ తన పదహారు బిట్లను ఎనిమిదేసి చొప్పున రెండు ముక్కలుగా పంపుతుంది, పెద్ద ముక్క ముందు. లినక్స్‌లో ఈ తీగల మీద రెండు ముక్కలు చదివే మామూలు పద్ధతి చిన్న ముక్క ముందు వస్తుందని అనుకుంటుంది. తిప్పుకోకపోతే 300 కాస్తా 11,265 అవుతుంది. సొంతంగా పది వరుసలు రాసుకున్నవాళ్లు మొదట బోర్లా పడే చోటు ఇదే. మూడోది గుర్తు. ఎలక్ట్రోడ్ వోల్టేజి మైనస్‌లోకి కూడా పోవచ్చు. సున్నాకు ఒక మెట్టు దిగువన ఉన్న కొలతను చిప్ పదహారు ఒకట్లుగా పంపుతుంది. గుర్తు పట్టించుకోకుండా చదివితే అది 65,535. మైనస్ ఒకటి వెళ్లి ఆకాశంలో కూర్చుంటుంది. డ్రైవర్‌లో ఈ రెండూ ఒక్కసారి సరిగ్గా రాసి, చాలామంది చూసి, దిద్ది పెట్టారు.

నాలుగోది పోటీ. తెరమీద అంకె చూపే ప్రోగ్రాం ఒకటి, గంటగంటకూ రాసిపెట్టే ప్రోగ్రాం ఇంకోటి ఒకేసారి చిప్ మీదికి వస్తే, ఒకరు పెట్టిన దారిని ఇంకొకరు మార్చేస్తారు. డ్రైవర్ తలుపు దగ్గర నిలబడి ఒకరి పని అయ్యేదాకా రెండోవాళ్లను ఆపుతుంది.

ఇవన్నీ అయ్యాక మన వైపు కనబడేవి కొన్ని ఫైళ్లు మాత్రమే. ఒక ఫైలు తెరిస్తే పచ్చి అంకె. దాని పేరు చివర రా అని ఉంటుంది. ఇంకోటి తెరిస్తే మెట్టు విలువ, దాని పేరు చివర స్కేల్. మొదటిదాన్ని రెండోదానితో గుణిస్తే మిల్లీవోల్టులు. పరిధి మార్చాలంటే స్కేల్ ఫైల్లో కొత్త విలువ రాయాలి. అప్పుడు చిప్‌లో ఆజ్ఞ మారుతుంది, మెట్టు విలువా దానితోపాటే మారుతుంది, రెండూ ఎప్పుడూ విడిపోవు. ఈ ఏర్పాటును ఇండస్ట్రియల్ ఐఓ అంటారు. జొనాథన్ కామెరాన్ అనే ప్రోగ్రామర్ చొరవతో 2009లో లినక్స్‌లోకి వచ్చింది. వేగం, వేడి, వెలుగు, వోల్టేజి కొలిచే చిప్‌లన్నింటినీ ఒకే తీరుగా చూపించడం దాని ఉద్దేశం. ఏడీఎస్ 1115 కుటుంబానికి ఇందులో డ్రైవర్ 2016లో చేరింది. రేపు ఈ చిప్ బజారులో దొరక్కపోతే వేరే కంపెనీది పెట్టి సెట్టింగుల్లో పేరు మారుస్తాం. పైన ఫ్లోరైడ్ లెక్క కట్టే ప్రోగ్రాం దాదాపుగా మారదు.

మెట్టు విలువ తప్పితే

ఒక ఉదాహరణ కడదాం. చిప్‌ను ఇటు 2048, అటు మైనస్ 2048 మిల్లీవోల్టుల పరిధిలో పెట్టాం. మెట్టు విలువ 0.0625 మిల్లీవోల్టు. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న ప్రామాణిక ద్రవంలో ఎలక్ట్రోడ్ ముంచితే పచ్చి అంకె 1472 వచ్చింది, అంటే 92 మిల్లీవోల్టులు. ఆ 92ను ప్రోగ్రాంలో రాసిపెట్టాం. తర్వాత బోరు నీళ్లలో ముంచితే 1304, అంటే 81.5. పదిన్నర తగ్గింది కాబట్టి ఈ నీళ్లలో 1.5 ఉంది.

ఇప్పుడు ఎవరో సొంత ప్రోగ్రాంలో మెట్టు విలువను పొరపాటున రెట్టింపు, అంటే 0.125 అని రాశారనుకుందాం. అదే 1304 ఇప్పుడు 163 మిల్లీవోల్టులైంది. ప్రామాణిక ద్రవం కన్నా 71 ఎక్కువ కాబట్టి ఫ్లోరైడ్ 0.06 అని తెర చెబుతుంది. హద్దు మీదున్న నీళ్లు వాననీళ్లంత శుభ్రం అయిపోయాయి. పొరపాటు అటువైపు జరిగి మెట్టు సగమైతే అవే నీళ్లు 7కు పైగా చూపి ఊరిని బెదరగొడతాయి. ఎలక్ట్రోడ్‌లో తప్పు లేదు, చిప్‌లో లేదు, నీళ్లు అవే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. తప్పు మెట్టు విలువతోనే 1, 10 మిల్లీగ్రాముల ప్రామాణిక ద్రవాలు రెండింటినీ కొలిచి, అదే తప్పుతో బోరు నీళ్లనూ కొలిస్తే జవాబు సరిగ్గానే వస్తుంది. అంతా ఒకే కుంచంతో కొలిచాం కదా, నిష్పత్తి చెడలేదు. కాబట్టి అసలు ప్రమాదం తప్పు కుంచం కాదు, మధ్యలో మారిన కుంచం. ఉదయం ప్రామాణిక ద్రవాలతో సరిచూసి, మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ మార్చి, సాయంత్రం నీళ్లు కొలిస్తే అదే జరుగుతుంది. దీన్ని పట్టుకునే ఉపాయం ఆ 59లోనే ఉంది. 1, 10 మిల్లీగ్రాముల ద్రవాల మధ్య తేడా 59 దగ్గర రావాలి. 118 వస్తే మెట్టు రెట్టింపైంది, 30 దగ్గర వస్తే సగమైంది. 50 వస్తే డ్రైవర్‌ను అనకండి, ఎలక్ట్రోడ్ ముసలిదైంది.

డ్రైవర్ మాట మిల్లీవోల్టు దగ్గరే ఆగుతుంది. ఆ తర్వాత ఫ్లోరైడ్ లెక్క, ఉష్ణోగ్రత సవరణ, ఏ బోరు నీళ్లన్న పేరు, అన్నీ పై ప్రోగ్రాం బాధ్యతలు. నీళ్లలో ముందుగా కలపాల్సిన బఫర్ ద్రవాన్ని (పేరు ఒకటే అయినా ఇది పైన చెప్పిన బఫర్ సర్క్యూట్ కాదు) కలపడం మనిషి బాధ్యత. అది కలపకపోతే నీళ్లలోని అల్యూమినియం కొంత ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని ఎలక్ట్రోడ్‌కు కనబడనివ్వదు. పటికతో తేర్చిన నీళ్లలో ఇది మరీ గమనించాలి, ఎందుకంటే పటికలో ఉన్నదే అల్యూమినియం. నల్లగొండ పద్ధతిలో శుద్ధిచేసిన నీళ్లను బఫర్ ద్రవం లేకుండా కొలిస్తే, శుద్ధి ఎంత బాగా జరిగిందో మీటర్ కాస్త ఎక్కువ చేసి చెబుతుంది.

బోరు అడుగున

అదే చిప్, అదే డ్రైవర్ ఇంకో పనికి కూడా వస్తాయి. మిట్టనేలల రైతుకు ఫ్లోరైడ్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న నీళ్లెంత లోతులో ఉన్నాయన్నది. చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఒక ప్రయోగ క్షేత్రం ఉంది. గ్రానైట్ పగుళ్లలో నీళ్లు ఎట్లా కదులుతాయో అక్కడి బోర్లలో చూస్తారు. 2000 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మహబూబ్‌నగర్, నల్లగొండతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. అందులో రైతులే తమ బోర్లలో నీటి మట్టం కొలిచి ఊళ్లో బోర్డు మీద రాసుకున్నారు. వాళ్లు వాడినది నీళ్లకు తగిలితే కూత పెట్టే టేపు. దానికి ఏడీసీ అక్కరలేదు, మనిషి చెవి చాలు. మనిషి లేకుండా రాత్రీ పగలూ కొలవాలంటే బోరులోకి పీడనం కొలిచే సెన్సార్‌ను దించాలి.

అలాంటి సెన్సార్ పైన ఉన్న నీటి బరువును బట్టి 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపుతుంది. పైన నీళ్లు లేకపోతే 4, యాభై మీటర్ల నీళ్లుంటే 20. ఆ కరెంటును 100 ఓముల రెసిస్టర్ గుండా పంపితే 400 నుంచి 2000 మిల్లీవోల్టులు వస్తాయి. 2048 పరిధిలో ఇది చక్కగా ఇముడుతుంది. మీటరు నీటికి 32 మిల్లీవోల్టులు, చిప్ మెట్టు 0.0625. అంటే రెండు మిల్లీమీటర్ల నీటి మార్పు కూడా అంకెలో కనబడుతుంది. కానీ రెసిస్టర్ నూటికి ఒక వంతు అటూ ఇటూ ఉండే చవక రకమైతే, బోరు నిండుగా ఉన్నప్పుడు అరవై సెంటీమీటర్ల తప్పు వస్తుంది. పదహారు బిట్ల చిప్ కొని రెండు రూపాయల రెసిస్టర్ పెట్టిన పెట్టెలు బజారులో తక్కువేం లేవు.

పరిధి చిన్నది పెట్టి, వోల్టేజి దాన్ని దాటితే చిప్ 32,767 దగ్గర కదలకుండా నిలబడుతుంది. అది కొలత కాదు, పాత్ర నిండి పొర్లుతోందన్నమాట. పూటకొక్కసారి కొలిచి నిద్రపోయే బ్యాటరీ పెట్టెకు డ్రైవర్ ఇంకో మేలు చేస్తుంది. రెండు సెకన్ల పాటు ఎవరూ అడగకపోతే చిప్‌ను తానే నిద్రపుచ్చుతుంది.

కరెంటు సున్నా నుంచి కాక 4 నుంచి ఎందుకు మొదలవుతుంది? తీగ తెగితే తెలియడానికి. ఎలుక కొరికినా, దున్నేటప్పుడు నాగలికి తగిలినా కరెంటు సున్నా అవుతుంది. డ్రైవర్ నిజాయితీగా సున్నా మిల్లీవోల్టులని చెబుతుంది. పైన ఉన్న ప్రోగ్రాం దాన్ని నీటి లెక్కలోకి మారిస్తే మైనస్ పన్నెండున్నర మీటర్ల నీళ్లు వస్తాయి. అలాంటి నీళ్లు ఉండవు కాబట్టి చాలా ప్రోగ్రాములు మైనస్‌ను సున్నాగా దిద్దేస్తాయి. దాంతో ఎలుక కొరికిన తీగ కాస్తా ఎండిపోయిన బోరుగా నమోదవుతుంది. 400 మిల్లీవోల్టులకు బాగా తగ్గిన ప్రతి కొలతకూ పట్టికలో ఆ గడిని ఖాళీగా వదిలి, పక్కన తీగ చూడండి అని రాసేలా ప్రోగ్రాం చేయడానికి రెండు వరుసల కోడ్ చాలు.